ఎవరూ ముట్టుకోని యాక్షన్

ఏప్రిల్ 9

డాక్టరమ్మ ఈ నోటుబుక్కు ఇచ్చింది. కుడిచెయ్యి ఎప్పుడు వణుకుతోందో, ఎంతసేపు వణుకుతోందో, అప్పుడు ఏం చేస్తున్నానో రోజూ రాయమంది. చెయ్యి బాగానే ఉంది. ఆ రోజు ఆవిడ గదిలో చలి, పైగా నాకు కాగితపు గౌను తొడిగారు. ఎవరైనా వణుకుతారు. నోటుబుక్కు మాత్రం మంచి కాగితం, పారెయ్యబుద్ధి కాలేదు. కాబట్టి రైఫిల్ గురించి రాస్తాను. ఆవిడ అడిగితే వేరే కాగితం మీద ఏదో ఒకటి రాసిస్తే సరిపోతుంది.

రైఫిల్ సంగతి ఇదీ. వెయ్యి గజాల దూరంలో పది తూటాలు ఎనిమిది అంగుళాల్లో పెట్టేవాణ్ణి. చిల్లులు పరుచుకున్న ఆ కొలతనే గ్రూపు అంటాం, ఎంత చిన్నదైతే అంత మంచిది. నిరుడు ఆగస్టు నుంచి పందొమ్మిది అంగుళాలు, ఇరవై రెండు అంగుళాలు. బ్యారెల్ మార్చాను. టెలిస్కోపు మార్చాను. ట్రిగ్గరు, తుపాకీ మందు, తూటాల రకం, అన్నీ మార్చాను. ఇక మిగిలింది యాక్షన్ ఒక్కటే. చూడ్డానికి అదో బోల్టు, ఆ బోల్టు దూరే ఉక్కు గొట్టం, అంతే. కానీ నంబరు ఉండేది దానిమీద. చట్టం లెక్కలో రైఫిల్ అంటే అదే, మిగతావన్నీ విడిభాగాలు. నేను 1997లో కొన్న రైఫిల్లో ఇవాళ్టికి నా దగ్గర మిగిలింది కూడా ఆ గొట్టమే.

అన్నీ మార్చినా గ్రూపు మారలేదంటే, మార్చనిదానిదే తప్పు. ముప్ఫై ఎనిమిదేళ్ళు లేత్ మిషన్ మీద బతికినవాణ్ణి, ఈమాత్రం తర్కం తెలుసు.

దారులు రెండు. తుపాకులు బాగుచేసే కర్టిస్ రూల్ దగ్గరికి తీసుకెళ్ళి యాక్షన్‌ని లేత్ మీద ఎక్కించి, వంకర ఉన్నచోటల్లా చెక్కించి, మరలు కొత్తగా కోయించి సూటిగా చేయించడం. లేదా దాన్ని పక్కన పడేసి, మా క్లబ్బులో లెస్టర్ ఫ్రై దగ్గర ఉన్నట్టు మొదటినుంచీ చేతిపనిగా చేసిన ఖరీదైన యాక్షన్ కొనడం.

ఏ దారిన పోయినా చెక్క పలక పోతుంది. అదీ నా బాధ.

ఏప్రిల్ 12

కాఫీ ఒలికింది. కప్పు పిడి మరీ చిన్నది.

ఏప్రిల్ 13

పలక గురించి. మా రైఫిల్ క్లబ్బు గదిలో కాఫీ మిషన్ పైన ఒక ఓక్ పలక ఉంది. పైన కాల్చి రాసిన అక్షరాలు: కంపెనీ యాక్షన్, ఎవరూ ముట్టుకోనిది. ఆ కింద, ఎవరైనా అలాంటి రైఫిల్‌తో క్లబ్బు మొత్తానికే చిన్న గ్రూపు కాల్చిన ఏడల్లా వాడి పేరు. తొమ్మిది పేర్లున్నాయి. తొమ్మిదీ మెర్ల్ హోస్టెటర్ అనే మనిషివి. అంటే నావి.

మిగతావాళ్ళందరూ ఏదో ఒక రోజున తమ యాక్షన్లు చెక్కించుకున్నారు, లేదా కొత్తవి కొనుక్కున్నారు. నేను ఒట్టేసుకున్నాను. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే కాలుస్తానని ఇరవయ్యేళ్ళుగా వచ్చినవాళ్ళకల్లా చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పి ఉంటాను.

ఏప్రిల్ 15

ఇర్మా కొత్త కప్పులు కొనుక్కొచ్చింది. పిడిలోకి నాలుగు వేళ్ళూ పడుతున్నాయి. పాతవాటికేమైందంటే బోరు కొట్టాయంది. పెళ్ళయి నలభై నాలుగేళ్ళు. ఈ మనిషికి ఏదీ బోరు కొట్టగా నేను చూడలేదు.

ఏప్రిల్ 22

సీజన్లో మొదటి పోటీ. ఇరవై ఒకటిన్నర అంగుళాలు.

మా క్లబ్బులో ఒక మర్యాద ఉంది. గురి బోర్డుల కింది గుంటల దగ్గర్నుంచి చిల్లులు పడ్డ కాగితాలు తెస్తారు, అందరి ముందూ బల్లమీద పరిచి కాలిపర్‌తో కొలుస్తారు. ఎవడి గ్రూపు చెడితే వాడు అక్కడే నిలబడి కారణం చెప్పుకుంటాడు. గాలి అంటాడు, మందు తడిసిందంటాడు, టెలిస్కోపు మర వదులైందంటాడు. మిగతావాళ్ళు తలాడిస్తారు. ఏం చెప్పినా తలాడిస్తారు. ఒకసారి ఒకడు పక్క బెంచీవాడు వేసుకున్న సెంటు వాసన అన్నాడు, దానికీ తలాడించాం.

"యాక్షన్," అన్నాను నేను. "అరిగిపోయింది."

అందరూ తలాడించారు.

లెస్టర్ బీట్‌రూట్ నీళ్ళలో ఊరబెట్టిన గుడ్డు నములుతూ వచ్చాడు. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా మెర్ల్. నాదానిలాంటిది కొనుక్కో. బోల్టు వెనక్కి లాగితే వెన్నలా జారుతుంది."

"నీది వెన్నలా జారినా పదకొండు అంగుళాలేగా."

"గాలి," అన్నాడు వాడు.

తలాడించాను.

మే 3

చేతిపని యాక్షన్లు చేసేవాళ్ళకి ఫోన్ చేశాను. ఎనిమిది నెలలు ఆగాలన్నాడు. ఏ రంగు కావాలని అడిగాడు. ఉక్కు రంగు అన్నాను. అది ప్రత్యేకంగా చెప్పాలట. వరసలో పేరు మాత్రం రాయించాను.

మే 14

ఇవాళ బోల్టు బయటికి తీసి దీపం కింద చూశాను. బోల్టు మూతి దగ్గర లగ్గులని రెండు ఉక్కు బుడిపెలుంటాయి, పేలుడు దెబ్బంతా అవే కాస్తాయి. కంపెనీవాటిలో సాధారణంగా ఒకటే ఆనుతుంది, రెండోది ఊరికే గాల్లో నిలబడి తోడు వస్తుంది. నాదాంట్లో రెండూ ఆనినట్టు సమానంగా మెరుస్తున్నాయి. మొదట్నుంచీ అంతే. ఇది నా అదృష్టమని ఎప్పుడో తేల్చుకున్నాను. కొన్ని యాక్షన్లు పుట్టుకతోనే సూటిగా పుడతాయి.

ఆ రోజు ఆ కంపెనీలో మిషన్ మీద నిలబడినవాడికి నేను ఎల్‌వుడ్ అని పేరు పెట్టుకున్నాను. యాభై ఏళ్ళుంటాయి. టిఫిన్ డబ్బా భార్య కట్టిస్తుంది. ఫోర్‌మన్ తొందర పెట్టినా వినడు. వందలో ఒకటి చాలు అని అందరూ అనుకునే చోట, వందకి వందా సరిగ్గా చేస్తాడు, ఎవరికీ చెప్పడు. ఇరవయ్యేళ్ళుగా పలక గెలిచినప్పుడల్లా మొదటి గుక్క బీరు ఎల్‌వుడ్ పేరు చెప్పి తాగేవాణ్ణి. ఇది ఇర్మాకి కూడా తెలుసు. ఒక ఏడు ఎల్‌వుడ్‌కి క్రిస్మస్ కార్డు రాయమంది, ఎగతాళికి.

ఎల్‌వుడ్ చేసిన పని మీద కర్టిస్ కత్తి పెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ అరిగిపోయింది కదా.

మే 15

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పదకొండు నిమిషాలు. కొత్త చొక్కా, బొత్తాల చిల్లులు బిగువు.

మే 19

అన్ని చొక్కాలకీ ఇర్మా జిప్పులు కుట్టించింది. ఫ్యాషన్ అంటోంది.

మే 27

రెండో పోటీ. ఇరవై మూడు. తూటాలు నిలువునా చెదిరాయి, ఒక్కటి బోర్డే దాటింది. యాక్షన్ అన్నాను. తలాడించారు.

రైఫిల్ ఇసుక సంచుల మీద కూచుంటుంది. అందులో మనిషి చెయ్యి చేసే పనెంత? వెనక సంచి నొక్కడం, వేలితో ట్రిగ్గరు మీద రెండు ఔన్సుల బరువు లాగడం. అంతే. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలీదు.

జూన్ 4

చెక్కించడానికే నిర్ణయించుకున్నాను. పలక పోతే పోయింది, గొట్టమైనా నాది మిగులుతుంది. ఇర్మాకి చెప్తే చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"వద్దు. కొత్తది కొనుక్కో."

"దేనికి?"

"లెస్టర్‌ది చూశావుగా, ఎంత బాగుందో."

"లెస్టర్ రైఫిల్ని నువ్వెప్పుడు చూశావు?"

"చూశాలే. మెర్ల్, నా మాట విను. దాన్ని విప్పించకు. అలా గోడకి పెట్టుకో. చక్కగా కొత్తది కొనుక్కో."

నలభై నాలుగేళ్ళలో ఈవిడ నన్ను కొత్తది కొనుక్కోమన్న వస్తువు ఒక్కటీ లేదు. గడ్డి కోసే మిషన్ చక్రం ఊడితే తీగ కట్టుకోమంది. ఇర్మా కూడా ఒకప్పుడు కాల్చేది. పక్కపక్క బెంచీలు మావి. నాకన్నా బాగా కాల్చేదని లెస్టర్ అంటాడు. లెస్టర్ చాలా అంటాడు. తొంభై ఎనిమిదిలో మానేసింది, ఎందుకంటే భుజం అంది.

దీంట్లో ఏదో ఉంది. ఉండనీ. వచ్చేవారం కర్టిస్ దగ్గరికి వెళ్తున్నాను.

జూన్ 11

కర్టిస్‌కి పని ఎక్కువగా ఉందట, ఇంకో వారం ఆగమన్నాడు. ఇర్మా ఫోన్లో ఎవరితోనో గుసగుసగా మాట్లాడింది. ఎవరంటే చర్చి అంది.

జూన్ 19

రాయాలి. వరసగా రాస్తాను.

కర్టిస్ వాళ్ళ నాన్న పాత రూల్ గారు పోయి ఆరేళ్ళు. నా రైఫిల్‌కి బ్యారెళ్ళన్నీ ఆయనే మార్చేవారు, తర్వాత కర్టిస్. ఆ షెడ్డు, ఆ నూనె వాసన, అదే లేత్. కర్టిస్ బ్యారెల్ విప్పాడు. యాక్షన్‌ని బిగించి డయల్ గేజ్ ఆనించి తిప్పాడు. వంకర ఉంటే ముల్లు ఊగుతుంది, నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ముల్లు కదల్లేదు.

"గేజ్ పాడైందేమో," అన్నాను.

ఇంకో గేజ్ పెట్టాడు. అదీ కదల్లేదు. వెయ్యోవంతు అంగుళం కూడా తేడా లేదు. కంపెనీ నుంచి వచ్చిన ఏ గొట్టమూ అలా ఉండదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అదే పనిచేశాను, నాకు తెలుసు. ఎల్‌వుడ్ కూడా చెయ్యలేడు.

కర్టిస్ చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"మెర్ల్ గారూ, ఇది ఎప్పుడో చేసేశారండీ. ఇదుగో, ఇక్కడ చూడండి."

బ్యారెల్ కప్పి ఉంచే అంచు మీద, విప్పితే తప్ప కనిపించని చోట, చిన్న అచ్చు. ఆర్, పక్కన 99. పాత రూల్ గారు తను చెక్కిన ప్రతి యాక్షన్ మీదా వేసే అచ్చు. నువ్వుగింజంత ఉంటుంది.

"నేనెప్పుడూ చేయించలేదే."

"మీరు చేయించలేదండీ."

"మరి?"

"మా నాన్న చెప్పొద్దన్నారు. ఇర్మా గారు నిన్న మళ్ళీ ఫోన్ చేసి, ఇంక దాచలేం, నువ్వే చూపించెయ్యమన్నారు." వాడు నా మొహం చూడకుండా చెప్పాడు. "నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ వేసవంతా మా ఇంట్లో పై అనే తీపి రొట్టె ఉండేది. బెల్లంపాకం పై, వారానికొకటి. అమ్మ ఎక్కడిదని అడిగితే నాన్న, అది హోస్టెటర్ల యాక్షన్ అనేవారు."

ఆ వేసవి పైలు నాకూ గుర్తున్నాయి. చర్చికి అనుకున్నాను. ఒక్క ముక్క అడిగితే చెయ్యి మీద కొట్టింది.

నేను కూచున్నాను. బల్ల ఒకటి ఉంది అక్కడ. ఎల్‌వుడ్ లేడు. ఎప్పుడూ లేడు. టిఫిన్ డబ్బా లేదు, ఫోర్‌మన్ లేడు.

కర్టిస్ బ్యారెల్ మళ్ళీ బిగించాడు. "లగ్గులు అరగలేదు, మరలు అరగలేదు. ఇంకో ముప్ఫై ఏళ్ళు వస్తుందండీ ఇది. నా లేత్‌కి ఇందులో పనేం లేదు." షెడ్డు వెనక కాల్చి చూసుకోవడానికి రెండువందల గజాల బాట ఉంది. నేను తెచ్చిన తూటాలే అయిదు వేశాడు. అయిదూ ఒకే చిల్లులోంచి పోయాయి. చొక్కా గుండీ పెడితే మూసుకుపోతుంది.

"మీరూ ఒక అయిదు వెయ్యండి," అన్నాడు.

"గాలి లేచింది," అన్నాను.

ఆకు కదలడం లేదు. కర్టిస్ అటు చెట్లవైపు చూశాడు, నావైపు చూశాడు. తలాడించాడు.

మా క్లబ్బు మర్యాద వాడికి వాళ్ళ నాన్న నేర్పి ఉంటాడు. ఆ తల ఊపు చూసినప్పుడు భయమేసింది. ఎన్నాళ్ళ నుంచి నాకు ఇలా తలాడిస్తున్నారు?

జూన్ 20

ఇర్మాతో నిన్నంతా మాట్లాడలేదు. ఇవాళ పొద్దున అడిగాను.

"ఎందుకు చేశావు?"

"ఆ ఏడు నువ్వు ప్రతి పోటీ ఓడిపోయొచ్చి సోమవారం దాకా నోరు విప్పేవాడివి కాదు. అప్పట్లో ప్రతి శనివారం పోటీ. అంటే వారానికి నాలుగు రోజులే మొగుడు ఉండేవాడు నాకు."

"చెప్పొచ్చుగా."

"చెప్తే చేయించుకునేవాడివా? ఒట్టు కదా తమరిది. కంపెనీవాడు, వాడి టిఫిన్ డబ్బా."

"అబద్ధం మీద తొమ్మిదిసార్లు గెలిచాను, ఇర్మా."

"యాక్షన్ పన్నెండు పైలకి వచ్చింది. గాలి చూసింది నువ్వు, కాల్చింది నువ్వు. మా అన్నయ్య దగ్గర అంతకన్నా మంచి రైఫిల్ ఉండేది, వాడు గొడ్లపాక కూడా కొట్టలేకపోయాడు."

కోపం వచ్చింది. కానీ ఎవరిమీదో తెలీలేదు. పెద్ద పిడి కప్పులో కాఫీ పోసి నా ముందు పెట్టింది. సగమే పోసింది. కొన్నాళ్ళుగా సగమే పోస్తోంది. ఇవాళే గమనించాను.

జూన్ 24

లెస్టర్ ఇంటికి వెళ్ళాను. పలక దింపెయ్యమని చెప్పడానికి. మగాడిగా ఎదురుగా నిలబడి చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను.

"ఒరేయ్ లెస్టర్, నా యాక్షన్ కంపెనీది కాదురా. తొంభైతొమ్మిదిలో చెక్కారు. నాకు తెలీదు."

వాడు కుక్కకి దువ్వుతున్నాడు. ఆపలేదు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"అందరికీ తెలుసురా. పాత రూల్ ఆ ఏడు చేపల విందులోనే చెప్పేశాడు. నువ్వప్పుడు బయట ఎవడికో నీ ఒట్టు సంగతి చెప్తున్నావు."

"మరి పలక మీద పేరెందుకు రాశారు? తొమ్మిదిసార్లు!"

"నీ ఉపన్యాసం బాగుండేది. వినడానికి వచ్చేవాళ్ళం." కుక్కని తిప్పి ఇంకో పక్క దువ్వాడు. "పైగా ఇర్మా అందరి దగ్గరా మాట తీసుకుంది. ఆవిడతో పెట్టుకునేదెవడు?"

ఇరవై నాలుగేళ్ళు. ముప్ఫైమంది మనుషులు. ఒక్కడూ నోరు జారలేదు. వీళ్ళు జింక ఎక్కడ కనబడిందో మాత్రం ఒక పూట దాచలేరు.

"ఇంకేం తెలుసురా మీకు నా గురించి?"

అప్పుడు దువ్వడం ఆపాడు.

"చెయ్యి సంగతి," అన్నాడు. "రెండేళ్ళయింది మెర్ల్. నువ్వు తూటా కింద పడేసుకుంటే మేం ఆకాశం చూస్తున్నాం."

జేబులో పెట్టుకున్నాను చేతిని. అది అక్కడ కూడా ఊరుకోలేదు. వాడు చూశాడు, మళ్ళీ కుక్కవైపు తిరిగాడు.

జూన్ 25

రాయలేదు.

జూలై 2

చెయ్యి ఒక్కటే నేను మార్చనిది. ఏప్రిల్లో నేను రాసుకున్న తర్కమే. అన్నీ మార్చినా గ్రూపు మారలేదంటే.

దీనికి కర్టిస్ లేడు, ఎనిమిది నెలల వరస లేదు.

జూలై 9

ఇర్మాని అడిగాను, నిజంగా భుజం నొప్పేనా అని. కాదంది. తొంభై ఎనిమిదిలో ఆఖరి పోటీలో నన్ను రెండంగుళాలతో ఓడించింది. నాకది గుర్తు లేదు. ఆ సోమవారం దాకా కాదు, ఆ గురువారం దాకా మాట్లాడలేదట నేను.

"అందుకని మానేశావా?"

"నాకు కబుర్లు ఇష్టం," అంది.

సిగ్గేసింది. ఇలాంటివి నోటితో చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సిగ్గేసింది. తర్వాత రైఫిల్ తెచ్చి వంటింటి బల్లమీద పెట్టాను. పిండి మీద పెట్టావని తిట్టింది. తిట్టి, తుడుచుకుని, బోల్టు వెనక్కి లాగి చూసింది. లగ్గులు చూసింది. "రూల్ మంచి పనివాడు," అంది.

జూలై 15

మూడో పోటీ. ఒకే రైఫిల్‌తో ఇద్దరు కాల్చొచ్చు, వేరే వేరే విడతల్లో. నాది రెండో విడత, ఇర్మాది నాలుగో విడత. నమోదు బల్ల దగ్గర ఆవిడ పేరు చెప్తే రాసేవాడు పెన్ను వెతుక్కున్నాడు, అది వాడి చేతిలోనే ఉంది.

నేను కాల్చాను. ఇరవై నాలుగు అంగుళాలు.

కాగితం బల్లమీద పరిచారు. కొలిచారు. అలవాటు ప్రకారం చుట్టూ మూగారు, పది పన్నెండు మంది. తలలు సిద్ధంగా ఉన్నాయి.

"చెయ్యి," అన్నాను. "నా చెయ్యి వణుకుతోంది. రైఫిల్‌కేం కాలేదు."

ఒక్కడూ తలాడించలేదు. నలభై ఏళ్ళ క్లబ్బులో అలా జరగడం నేను చూళ్ళేదు. లెస్టర్ టోపీ తీసి అందులోకి చూసుకున్నాడు. ఒకడు కాలిపర్ మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. చివరికి ఇర్మా వెనక నుంచి, "అయిందా? బల్ల ఖాళీ చేస్తే నేను వెళ్ళి కాల్చుకుంటా," అంది.

ఆవిడ బెంచీ మీద కూచుంది, నేను వెనక స్టూలు మీద దూరదర్శిని పెట్టుకుని కూచున్నాను. కళ్ళు బాగున్నాయి నాకు. వెయ్యి గజాల పొడవునా ఎర్ర రిబ్బన్లు ఎటు ఊగుతున్నాయో, ఎండకి గాలి ఎలా మరుగుతోందో చూసి చెప్తున్నాను. ఆగు. ఆగు. ఇప్పుడు. కొంచెం ఎడమ. ఇప్పుడు. చెప్పిన చోటల్లా కొట్టింది. మధ్యలో ఒకసారి, "నసపెట్టకు," అంది. ఆరో తూటాకి ముందు "గాలి మారింది" అన్నాను, వెయ్యకుండా ఆగిపోయింది. రిబ్బన్ తిరిగి వచ్చేదాకా ఇద్దరం ఊపిరి బిగపట్టుకుని కూచున్నాం.

పది తూటాలు. ఆరుంపావు అంగుళాలు.

నా జన్మలో ఆ రైఫిల్‌తో ఆరుంపావు కాల్చలేదు. కాలిపర్‌వాడు రెండోసారి కొలిచాడు. లెస్టర్ నా దగ్గరికి వచ్చి, "ఏరా, సోమవారం దాకా మాట్లాడవా?" అన్నాడు. వాడికి అదీ తెలుసు.

"ఇంటికెళ్ళేదాకా నోరు మూసుకోను," అన్నాను. మూసుకోలేదు. దారంతా ఆరో తూటా గురించే చెప్పాను, ఆవిడ కారు నడుపుతూ తనే ఆ తూటా కాల్చనట్టు విన్నది.

జూలై 16

లెస్టర్ ఫోన్ చేశాడు. పలక దింపలేదట. "ఎవరూ ముట్టుకోనిది" కింద సుద్దముక్కతో "పన్నెండు పైలు తప్ప" అని రాశారట. ఉండనీ అన్నాను. చేతిపని యాక్షన్‌వాళ్ళకి ఫోన్ చేసి వరసలోంచి నా పేరు తీసెయ్యమన్నాను. రంగు మార్చుకుంటారా అని అడిగాడు.

జూలై 17

రేపు డాక్టరమ్మ దగ్గరికి. వేరే కాగితం తీశాను, మళ్ళీ లోపల పెట్టేశాను. ఇక్కడే రాస్తాను, ఈ నోటుబుక్కే ఇచ్చేస్తాను. ఆవిడ అడిగింది ఇదే కదా.

చెయ్యి. కుడిది. రెండేళ్ళ నుంచి.

జూలై 15, శనివారం. పొద్దున ఏడింటికి, జిప్పు పెట్టుకుంటున్నప్పుడు, నాలుగు నిమిషాలు. తొమ్మిదింపావుకి, కాలుస్తున్నప్పుడు, కాల్చినంతసేపూ. పదిన్నరకి, ఇర్మాకి గాలి చెప్తున్నప్పుడు, తెలీదు. చూసుకోలేదు.